గిటారుకు పడని చెయ్యి

గోపన్‌పల్లిలో మూడు టవర్ల అపార్ట్‌మెంటు ఒకటుంది. అందులో ఏ ఇంటి వంటగట్టు మీద చూసినా పుణ్యవతిగారి ఆవకాయ సీసా కనపడుతుంది. మన తెలుగువాళ్ళ ఇళ్ళ సంగతి సరే, ఒరియా వాళ్ళింట్లోనూ, పంజాబీ వాళ్ళింట్లోనూ ఉంటుంది. ఆ పచ్చడిని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారట, వాళ్ళ గురించి నేను మాట్లాడదలుచుకోలేదు. ఏడాది తిరిగొచ్చినా ఆ పచ్చడికి బూజు పట్టదు, ముక్క మెత్తబడదు, రంగు మారదు. "మహాతల్లి, ఆవిడ చెయ్యి అలాంటిది" అని అందరూ అంటారు. విని విని ఆవిడకీ తన కుడిచెయ్యంటే కాస్త గౌరవం ఏర్పడిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా పొగిడించుకుంటున్న చెయ్యి మరి, ఆ మాత్రం ఉండదూ.

అలాంటి చేతిని పట్టుకుని గచ్చిబౌలిలో ఒక గిటార్ల దుకాణం కుర్రాడు "మీ చెయ్యి పడదు మేడమ్" అనేశాడు. ఆవకాయ చెయ్యికీ గిటార్ల దుకాణానికీ ఏం సంబంధమంటారా? అక్కడికే వస్తున్నాను.

పుణ్యవతిది రేపల్లె దగ్గర ఊరు. చిన్నప్పుడు, ఇంకా పరికిణీలు కట్టుకునే రోజుల్లో, శ్రీరామనవమి పందిట్లో పాడటానికి గుంటూరు నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. అందులో తళతళలాడే చొక్కా వేసుకున్న ఆసామి ఒకడు మెడలో ఎర్ర గిటారు తగిలించుకుని నిలబడ్డాడు. దానికో నల్లటి వైరు. అతను ఒక్క తీగ మీటితే పందిరి అవతల చెరుకురసం బండి దగ్గరున్నవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. ఆ పిల్ల ఇంటికొచ్చి నాకదే కావాలని కూర్చుంది. నాన్న చాలాసేపు నవ్వి, ఆడపిల్లకి వీణ బాగుంటుందని చెప్పి వీణ మాస్టారిని కుదిర్చారు. నేర్చుకుంది, బాగానే వాయించేది. మాస్టారికి ఒక్కటే ఫిర్యాదు: ఈ పిల్ల కీర్తన వాయించినా నవమి పందిట్లో ఉన్నట్టు ఊగుతుందని.

తరవాత పెళ్ళయింది. మొగుడు శ్రీనివాసరావు కరెంటు ఆఫీసులో ఉద్యోగి. ఊరూరూ బదిలీలు తిరిగి, చివరికి జీడిమెట్లలో ఆ ఫ్యాక్టరీల ట్రాన్స్‌ఫార్మర్లతో కుస్తీ పట్టి రిటైరయ్యాడు. ఇద్దరూ వచ్చి గోపన్‌పల్లిలో స్థిరపడ్డారు. ఆయన ఆఫీసులో పెళ్ళికాని కుర్రాళ్ళ కోసం మొదలైన పచ్చడి సీసాలు ఆవిడతోపాటు ఈ అపార్ట్‌మెంటుకి కూడా వచ్చాయి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒకరిని చూసి ఒకరు అడగడంతో, వేసవి వస్తే ఇల్లంతా మామిడికాయలే.

పక్క ఫ్లాట్లో దేవిశ్రీ అనే అమ్మాయి ఉంటుంది. పగలు ఆఫీసు, శనివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో స్నేహితులతో కలిసి పాటలు. ఆ పిల్ల గొంతు బాగుంటుంది. ఒక శనివారం పుణ్యవతి సీసా ఇద్దామని అక్కడికి వెళ్ళి, గోడకి ఆనించిన గిటారుని చూస్తూ నిలబడిపోయింది. దేవిశ్రీ ఊరుకోకుండా "పట్టుకోండి ఆంటీ, ఏం కాదు" అని మెడలో వేసింది. వీణ మెట్ల మీద తిరిగిన వేళ్ళు కదా, దారి వాటికి తెలిసింది. మొదట తడబడ్డాయి, పావుగంటకల్లా ఒక పాత పాట పల్లవి పలికించాయి. డ్రమ్స్ వాయించే రవికిరణ్ కర్రలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ రాత్రి ఆవిడ అన్నం సగంలో లేచింది, ఆకలి సంగతే గుర్తులేదు.

ఉగాదికి తన పచ్చళ్ళ డబ్బుతో సొంత గిటారు కొనుక్కుంది. నల్లటి ఒళ్ళు. మీద తీగలు బిగించే బిరడాలు, కింద తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి, తిప్పే మీటలు అన్నీ బంగారు పూత. నల్ల పట్టుచీరకి జరీ అంచు వేసినట్టుంది. శ్రీనివాసరావు కళ్ళజోడు సవరించుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యాభై ఎనిమిదేళ్ళకి కరెంటు గిటారా పుణ్యవతీ?" అన్నాడు.

"ఏం, మీ డిపార్ట్‌మెంటు పర్మిషన్ కావాలా?" అంది ఆవిడ.

ఆయన గిటారు పక్కన పెట్టాడు. లోపలికెళ్ళి టెస్టరు తెచ్చి ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో చూసి, ఉందని తేలాక "ఇక వాయించుకో" అన్నాడు. ఆయన ప్రేమ ఎప్పుడూ అలా ఎర్తింగ్ చూసుకునే వస్తుంది.

ఇక మమత గురించి చెప్పాలి. అపార్ట్‌మెంటు ప్రహరీ వెనక పాత గోపన్‌పల్లి ఊరు ఇంకా మిగిలే ఉంది, మమత వాళ్ళది అక్కడే. మామిడికాయల రోజుల్లో ముక్కలు కొట్టడానికి వస్తుంది. కత్తి ఎత్తిందంటే పాట ఎత్తుతుంది. ఆ పాట వాళ్ళ నాయనమ్మ నాట్లేసేటప్పుడు పాడినదట. "గిప్పుడు మూడో టవరున్న జాగలనే అమ్మా, మా నాయనమ్మ నాట్లేసింది. గా పార్కింగు కాడ బాయి ఉండె" అని చెప్పేది. పుణ్యవతి పచ్చడి కలిపే పనిలో ఒక బేసిన్‌కీ ఇంకో బేసిన్‌కీ మధ్య కాస్త ఖాళీ దొరికితే గిటారు తీసి ఆ పాట వెతుక్కునేది. మమత కత్తి ఆపకుండా పాడటం, ఈవిడ వెనకాలే మీటడం. ఒకరోజు దేవిశ్రీ గుమ్మంలో నిలబడి అంతా విని, జూన్ రెండున రాష్ట్ర అవతరణ దినం సంబరాల్లో అపార్ట్‌మెంటు స్టేజీ మీద ఈ పాటే అని అక్కడికక్కడే తేల్చేసింది. పాట తను పాడుతుంది. రెండో చరణానికి ముందు అందరూ ఆగిపోతారు, గిటారు ఒక్కటే పలకాలి. అది పుణ్యవతి ఆంటీది.

ఆ మాటకి ఆవిడ మొహం చూడాలి. పరికిణీ రోజుల్లో పందిట్లో వదిలేసి వచ్చిన కోరిక ఇన్నేళ్ళకి అడ్రసు కనుక్కుని వచ్చినట్టయింది. ఆ ఒక్క ముక్క కోసం మే నెల ఎండల్లో ఆవిడ పడ్డ కష్టం ఇంతా అంతా కాదు. కూరలో ఉప్పు మరిచిపోయింది గానీ ఆ ముక్కలో ఒక్క మెట్టు మరిచిపోలేదు.

సరిగ్గా అప్పుడే బంగారం పోవడం మొదలైంది.

మొదట బ్రిడ్జి మీద, అరచెయ్యి ఆనే చోట, మెరుగు కాస్త తగ్గింది. తరవాత తెల్లటి మచ్చ తేలింది. ఆ మచ్చ చుట్టూ పచ్చగా చిలుము. బిరడాలు కూడా మసకబారి, పట్టుకుంటే గరగరలాడుతున్నాయి. ఉగాదికి కొన్న వస్తువు, ఇంకా ఎండాకాలం కూడా పోలేదు, పదేళ్ళు వాడినదానిలా తయారైంది. పుణ్యవతి ఎవరికీ చెప్పకుండా, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో శ్రద్ధగా తుడిచేది. అయినా మచ్చ పెరిగిందే తప్ప తగ్గలేదు. ఇక లాభం లేదని మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆటోలో గచ్చిబౌలి వెళ్ళింది.

దుకాణంలో శివశంకర్ అనే కుర్రాడు గిటారుని దీపం కింద పెట్టి చూశాడు. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"గిది చెమటతోని అయితది మేడమ్. కొంతమంది చేతికి పడదు. చెమటల యాసిడ్ ఎక్కువుంటది, పూత తినేస్తది. మీది గా టైపు చెయ్యి అనుకుంట. కంపెనీవాళ్ళు చెమటకు గ్యారెంటీ ఇయ్యరు."

"పోనీ బాబూ, ఇవి తీసేసి కొత్తవి వేయించుకుంటే?"

"ఏస్తం మేడమ్. గని అవి గూడ గిట్లనే పోతయి. చెయ్యి గదే కదా." ఆవిడ మొహం చూసి, కాస్త ఊరడింపుగా, "ఫికర్ చెయ్యకుండ్రి. వాయించినంక రోజూ పొడిగుడ్డతోని జర గట్టిగ తుడవుండ్రి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆఫీసు బస్సుల మధ్య ఆటో ఇరుక్కుపోయి చాలాసేపు కదల్లేదు, అది ఆవిడ గమనించనే లేదు. ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చుంది.

శ్రీనివాసరావు చూస్తూ ఊరుకునే మనిషి కాదు. మర్నాటి నుంచి వేడి తగ్గుతుందని బార్లీ నీళ్ళు కాచి గ్లాసు గ్లాసు తాగించాడు. వాయించే ముందు ఫ్యాను కింద చేతులు చాపించి కూర్చోబెట్టాడు. ఒకరోజు అరచేతులకి పౌడరు రాశాడు, దాంతో తీగల మీద వేళ్ళు జారిపోయి ఇంకో ఇబ్బంది. ఆవిడేమో శివశంకర్ చెప్పినట్టు తుడుస్తూనే ఉంది. పొద్దున తుడిచింది, మధ్యాహ్నం తుడిచింది, గట్టిగా తుడిచింది. తుడిచినకొద్దీ పూత లేచిపోయింది. ఇదెక్కడి న్యాయం అని గిటారుని అడిగితే అదేం చెబుతుంది పాపం.

చివరికి ఒక సాయంత్రం గిటారుని కవరులో పెట్టి జిప్ లాగి, బీరువా పక్కన నిలబెట్టి, దేవిశ్రీ ఇంటికెళ్ళింది.

"వేరేవాళ్ళని చూసుకో అమ్మా. నాకది అచ్చిరాలేదు."

దేవిశ్రీకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఒప్పుకోలేదు. "రంగు పోతే పోయింది ఆంటీ. శబ్దం పోలేదుగా. నా గిటారు చూడండి, దానికి అసలు రంగంటూ ఉందా?"

"నీది వాడి వాడి పోయింది. నాది నా చెయ్యి తినేసింది. రెండూ ఒకటి కాదు తల్లీ" అంది పుణ్యవతి. అసలు భయం ఇంకొకటి ఉంది. లోహాన్నే తినేసే చెయ్యి అయితే, ఆ చేత్తోనే కదా ఇన్ని ఇళ్ళకి తిండి కలుపుతున్నది. ముప్ఫై ఏళ్ళుగా మంచి చెయ్యి, మంచి చెయ్యి అన్నారు. ఇంతకాలం అందరూ పొరబడ్డారేమో. వచ్చే ఏడు నుంచి పచ్చళ్ళు కూడా మానేద్దామా అని రాత్రి పడుకోబోతూ మొగుణ్ణి అడిగింది. ఆయన లేచి ఫ్యాను ఇంకాస్త పెంచాడు.

మానేద్దామనుకున్నా ఒప్పుకున్న ఆర్డర్లు ఇవ్వాలి కదా. మే చివర్లో ఒకరోజు హాల్లో చాప పరిచి ఇద్దరూ కూర్చున్నారు. పుణ్యవతి బేసిన్‌లో ఆవపిండి, కారం, ఉప్పు కలుపుతోంది. మమత ముక్కలు తుడిచి అందులో వేస్తోంది. ఆ వేళ మమత చేతుల నిండా కొత్త గిల్టు గాజులు, మరిది పెళ్ళికి కొనుక్కుందట. మోచేతుల దాకా గలగలమంటున్నాయి.

పుణ్యవతికి ఒళ్ళు మండింది. అసలే మనసు బాగాలేదు, దొరికింది మమత. "నీకేమైనా మతుందా మమతా? గిల్టు గాజులు వేసుకుని ఉప్పులో చేతులు పెడతావా? సాయంత్రానికి నల్లబడి ఊరుకుంటాయి. తీసి అవతల పెట్టు."

"తీస్త తియ్యమ్మా, నారాజ్ గాకు" అంటూ మమత గాజులు తీసి, పక్కనున్న గుడ్డతో తుడవబోయింది.

"అయ్యో రామా, ఆ గుడ్డతో తుడుస్తావేమిటి? దాన్నిండా ఉప్పూ కారమే. ఉన్న కాస్త మెరుగూ దాంతోనే..."

అక్కడ ఆవిడ మాట ఆగిపోయింది.

ఆగిపోయి, ఆ గుడ్డ వంక చూసింది. బేసిన్ వంక చూసింది. తన చేతి వంక చూసుకుంది. మమత చేతిలో గాజులు అలాగే ఉన్నాయి. "ఏమైందమ్మా?" అంటోంది. ఈవిడ లేచి, గదిలోకెళ్ళి, కవరు జిప్ లాగి, గిటారు బ్రిడ్జి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. ఘాటుగా ఆవపిండి వాసన. బిరడాల సందుల్లో ఎర్రగా ఉన్నది గోటితో గీరి చూస్తే కారం.

పుణ్యవతి మంచం మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని నవ్వుతోంది, కళ్ళంట నీళ్ళు కారుతున్నా ఆపడం లేదు. మమత పరిగెత్తుకొచ్చింది. బాల్కనీలో పేపరు చదువుకుంటున్న శ్రీనివాసరావు, పెళ్ళానికేదో అయిందని, పేపరుతో సహా వచ్చాడు.

"నా చెయ్యి కాదండీ, నా ఆవకాయ" అంది ఆవిడ.

ఆవకాయ కలిపే ఇళ్ళల్లో వాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పచ్చడికి తడి తగలకూడదు. తగిలిందా, బూజు పట్టి ఊరుకుంటుంది. అందుకని పొద్దున పని మొదలెట్టిన దగ్గర్నుంచి ఆఖరి జాడీ మూత పెట్టేదాకా పుణ్యవతి చేతికి నీటిబొట్టు తగలనివ్వదు. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది. చెయ్యి కడుక్కునే ప్రసక్తే లేదు, పొడిగుడ్డతో తుడుచుకోవడమే. అలా తుడుచుకున్న చేత్తోనే మధ్యమధ్యలో గిటారు వాయించింది. వాయించాక ఆ గుడ్డతోనే గిటారునీ తుడిచింది. రోజుకి నాలుగైదుసార్లు ఉప్పూ ఆవపిండీ కారం వేసి కొత్త గిటారుని గట్టిగా తోమిందన్నమాట. బంగారు పూత కాబట్టి ఆమాత్రమైనా నిలబడింది. ఏ చేత్తో ముప్ఫై ఏళ్ళు పేరు తెచ్చుకుందో, ఆ పేరు తెచ్చిన పద్ధతే గిటారు కొంప ముంచింది.

శ్రీనివాసరావు అంతా విని, చాలా పెద్ద విషయం కనిపెట్టినవాడిలా, "అయితే చెయ్యి కడుక్కుని వాయించొచ్చుగా" అన్నాడు.

"కడుక్కుంటే ఆ తడిచేత్తో మళ్ళీ పచ్చడి ఎలా ముట్టుకోనండీ?"

"నిజమేనమ్మా" అంది మమత. "గంతే ఇగ. పచ్చడి దినం పచ్చడి, పాట దినం పాట." ఆ మాటకి ముగ్గురూ నవ్వారు. మర్నాడు పొద్దున్నే పుణ్యవతి తలంటు పోసుకుని, రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, దేవిశ్రీ ఆఫీసుకి బయల్దేరకముందే వెళ్ళి తలుపు కొట్టింది. ఆ పిల్ల తలుపు తీసి, గిటారు చూసి, ఆవిణ్ణి కావలించుకుంది.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ మామిడికాయల వ్యాపారి అని ఒకడుంటాడు, వాడి టైము వాడిది. ఆఖరి ఆర్డరు కాయలు మే ముప్ఫయ్యొకటికి తెస్తానని చెప్పి, తీరా జూన్ రెండు మధ్యాహ్నం తెచ్చి దింపాడు. ఇవాళ వద్దు పొమ్మంటే మళ్ళీ ఈ ఏడాది కాయ దొరకదు. తొలకరి పడితే ఆవకాయ కథ ముగిసినట్టే. మమత ఒక్క బిగిన కూర్చుని నాలుగున్నరకల్లా ముక్కలు కొట్టేసింది. కొట్టిన ముక్క రాత్రంతా ఉంటే నీరు వదిలేస్తుంది, ఆ పూటే కలపాలి. కలపడానికి తక్కువలో తక్కువ చీకటి పడేదాకా పడుతుంది. కింద లాన్‌లో స్టేజీ మీద మైకు "హలో, హలో" అంటోంది. ఆరింటికి కార్యక్రమం.

"నువ్వు పో అమ్మా, నేను కలుపుత" అంది మమత.

"నీ నాయనమ్మ పాట ఆవిడ నాట్లేసిన చోట మోగుతుంటే, నువ్విక్కడ ఆవపిండిలో కూర్చుంటావా? వల్లకాదు. నేనే కలిపేస్తాను. దేవిశ్రీకి ఫోన్ చేసి చెప్పు, ఆ ముక్క లేకుండా పాడేసుకోమని." అంటూనే ఆవపిండి డబ్బా దగ్గరికి లాక్కుంది.

శ్రీనివాసరావు అప్పటికే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, వీడియో తియ్యడానికి ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ముందు వరసలో కుర్చీ మీద తువ్వాలు కూడా వేసి వచ్చాడు. ఆయన ఫోన్ తీసి టీవీ మీద పెట్టాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. చాప మీద పెళ్ళాం పక్కన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"కొలతలు చెప్పు" అన్నాడు.

"మీరా?"

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. తింటున్నాను కూడా. చెప్పు."

పుణ్యవతి ఆయన్ని చూసింది, బేసిన్‌ని చూసింది. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆ బేసిన్‌లో కలపడానికి ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. కన్నతల్లి అడిగినా ఇవ్వలేదు. పేరు పోతే? ఆయనకి పప్పులో ఉప్పెంతో తెలియదు. మొహం చూస్తే మాత్రం ట్రాన్స్‌ఫార్మరు ఎక్కబోయేవాడిలా బిగపట్టుకుని ఉన్నాడు. ఆవిడ పొడిగుడ్డ తీసి ఆయన చేతులు రెండూ వేళ్ళ సందుల్లోంచి తుడిచింది. నాలుగు గిద్దెలు, రెండు గిద్దెలు అంటూ వరసగా చెప్పింది. నూనె పోసేటప్పుడు తొందరపడొద్దంది, అడుగు నుంచి పైకి కలపమంది. ఆయన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పాడు. తరవాత ఆవిడ లేచి వంటింట్లోకెళ్ళి, కుళాయి తిప్పి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంది. ఇంట్లో పచ్చడి కలుపుతుండగా ఆవిడ చేతి మీద నీళ్ళు పడటం అదే మొదలు.

కార్యక్రమం గురించి ఏం చెప్పను. లాన్ నిండిపోయింది. మమత అత్తనీ ఆడబిడ్డనీ పాతూరు నుంచి ఇంకో పదిమందినీ తీసుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. దేవిశ్రీ పాట ఎత్తుకుంది. మొదటి చరణం అయింది, అందరూ ఆగిపోయారు, రవికిరణ్ కర్రలు గాల్లో నిలిపాడు. పుణ్యవతి మీటింది. ఒక్కొక్క మెట్టూ, వంచాల్సిన చోట వీణలో వంచినట్టు తీగ వంచి, మమత గొంతులో ఉన్న ఆ చిన్న విరుపుతో సహా వాయించింది. ఊగింది కూడా, ఈసారి వద్దనడానికి మాస్టారు లేరు. మూడో టవరు గోడకి తగిలి ఆ పాట వెనక్కి వచ్చింది. మమత అత్త ముందు లేచి చప్పట్లతో అడుగేసింది, ఆవిడ వెనక పాతూరు వాళ్ళు, వాళ్ళ వెనక ఒరియా వాళ్ళు, పంజాబీ వాళ్ళు. గిటారు మీద బంగారం ఉందో పోయిందో చూసే తీరిక అక్కడ ఎవరికీ లేదు. పుణ్యవతికి అసలే లేదు, అంత సంతోషంగా ఉంది.

దిగగానే అందరూ చుట్టుముట్టారు. ఆవిడ మాత్రం "ఇంట్లో ఆయన ఒక్కరే ఉన్నారమ్మా" అంటూ లిఫ్ట్ దగ్గరికి నడిచింది. దేవిశ్రీ, రవికిరణ్, మమత ఆవిడ వెనకాలే వెళ్ళారు.

తలుపు దగ్గరగా వేసుంది. శ్రీనివాసరావు చాపని బాల్కనీ గుమ్మం దాకా లాక్కుని, అక్కడ బేసిన్ ముందు కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా ఇక దేనికీ పనికిరాదు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. జాడీలన్నీ నిండి, గుడ్డలు కట్టించుకోవడానికి వరసగా ఎదురుచూస్తున్నాయి. "అన్నం ఉందా?" అన్నాడు పిల్లల్ని చూడగానే. మమత కుక్కరు పెట్టి, ఉడకగానే వేడివేడి అన్నం తెచ్చి బేసిన్‌లో గుమ్మరించింది. అడుగున మిగిలిన పచ్చడితో కలిపి ఆయన తలా ఒక ముద్ద పెట్టాడు. పుణ్యవతి తన ముద్ద ఆయన చేతి నుంచే నోటికి అందుకుంది. ఉప్పు ఒక రవ్వ ఎక్కువైంది.

"ఎలా ఉంది?" అన్నాడాయన, పరీక్ష రాసినవాడిలా.

"బాగుందండీ" అంది ఆవిడ. ముద్ద మింగుతూ ఆయన మొహంలోకి చూసి, "అవేమిటి, ఆ చారలు?" అని అడిగింది. రెండు చెంపల మీదా తడి ఆరిన గీతలు గడ్డం దాకా ఉన్నాయి. కారం ఘాటు కళ్ళకెక్కిందేమోనని ఆవిడకి భయం వేసింది.

"బాల్కనీ తలుపు తీసి పెట్టుకున్నాను. నీ ముక్క మొత్తం వినపడింది." ఆయన రెండు చేతులూ ఎత్తి చూపించాడు. "తుడుచుకుందామంటే చేతుల నిండా కారం. ఇంకేం చేస్తాను, అలాగే కారనిచ్చాను."

పుణ్యవతి కడుక్కున్న చేత్తో ఆయన మొహం తుడిచింది.